కీమోకి లొంగని క్యాన్సర్: నానోపార్టికల్స్ నిజంగా ఏం చేయగలవు?

నమస్తే అండి. కీమో మొదలుపెట్టారు, గడ్డ సగానికి సగం తగ్గింది, ఇంట్లోవాళ్లు కాస్త ఊపిరి పీల్చుకున్నారు. కొన్ని నెలలకి మళ్లీ పెరిగింది. ఈసారి అదే మందు ఎక్కిస్తే గడ్డలో చలనమే లేదు. మందు అదే, డోసూ అదే. మరి ఏం మారింది?

క్యాన్సర్ కణం మారింది. ఇలా మొండికెయ్యడానికి దానికి చాలా దారులున్నాయి. ఒకటి చూద్దాం. కణం పైపొరలో పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపు ఉంటుంది. 1976లో జూలియానో, లింగ్ అనే శాస్త్రవేత్తలు దీన్ని బయటపెట్టారు. పొర దాటి లోపలికొస్తున్న మందుని ఇది ఏటీపీ (కణానికి శక్తినిచ్చే ఇంధనం) ఖర్చుపెట్టి మరీ బయటికి తోసేస్తుంది, పడవలో చేరే నీళ్లు తోడిపోసినట్టు. డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్, విన్‌క్రిస్టిన్... ఈ కీమో మందులకి ఒకదానితో ఒకటికి పోలికే లేదు. అయినా అన్నీ బయటికే. అందుకే ఒక మందుకి లొంగని కణం, అసలెప్పుడూ చూడని మందుకీ లొంగకపోవచ్చు.

పంపునే ఆపేస్తే పోలా? ఆ ప్రయత్నమూ జరిగింది, గుండె జబ్బులకి వాడే వెరాపమిల్‌తో. ల్యాబ్‌లో పనిచేసింది. మనుషుల దగ్గరికొచ్చేసరికి అంత మోతాదు గుండె తట్టుకోలేకపోయింది. పైగా ఇదే పంపు పేగుల్లో, లివర్‌లో, మెదడు రక్తనాళాల్లో మనల్ని విషాల నుంచి కాపాడుతుంటుంది.

నానోపార్టికల్ అసలు ఆ పంపు జోలికే పోదు. మందుని సుమారు 100 నానోమీటర్ల కొవ్వు బుడగలో పెడతారు. వెంట్రుక మందంలో దాదాపు వెయ్యోవంతు. కణమే తన పొరని లోపలికి ముడిచి దాన్ని మింగేస్తుంది, మందు బయటపడేది లోపలికెళ్లాకే. డాక్సోరూబిసిన్ ఎర్రటి మందు, మైక్రోస్కోప్ కింద మెరుస్తుంది కూడా. మొండి కణాలకి మామూలుగా ఇస్తే ఆ ఎరుపు లీలగా కనిపిస్తుంది. పార్టికల్ బాగా కుదిరితే న్యూక్లియస్ దగ్గర చిక్కగా కనిపిస్తుంది.

హెడ్‌లైన్లు ఇక్కడే ఆగిపోతాయి. నాకు చిరాకు కూడా అక్కడే. గిన్నెలో పెంచిన కణాలు వేరు, శరీరం వేరు. అంతకుముందు పదేళ్ల జంతు ప్రయోగాలన్నీ 2016లో ఒకచోట పెట్టి చూస్తే, ఇంజెక్ట్ చేసిన నానోపార్టికల్స్‌లో గడ్డకి చేరింది మధ్యస్థంగా 0.7 శాతం! మిగతాదాంట్లో చాలావరకు లివరూ, ప్లీహమూ పట్టేసుకుంటాయి.

1995లో అమెరికాలో అనుమతి వచ్చిన డాక్సిల్, అంటే కొవ్వు బుడగలో పెట్టిన డాక్సోరూబిసిన్, సంగతీ అంతే. దాని అసలు గెలుపు గుండెకి జరిగే హాని తగ్గించడం. బదులుగా అరచేతులు, అరికాళ్లు మంటలెత్తి తోలు ఊడటం ఉంటుంది.

నన్నడిగితే వైక్సియోస్ అనే మందు వైపు చూడమంటాను. 2017లో అనుమతి వచ్చింది. సైటారాబిన్, డానోరూబిసిన్ రెండూ ఒకే బుడగలో, 5:1 నిష్పత్తిలో. వయసు మళ్లినవాళ్లలో వచ్చే మొండి రకం రక్త క్యాన్సర్ మీద ట్రయల్ చేస్తే, ఇవే మందులు విడివిడిగా ఎక్కించినవాళ్లలో 5.95 నెలలున్న మధ్యస్థ జీవితకాలం 9.56 నెలలకి పెరిగింది. మందులు కొత్తవేం కావు, రెండూ దశాబ్దాల నాటివే. విడివిడిగా ఎక్కిస్తే శరీరం ఒక్కోదాన్ని ఒక్కో వేగంతో కరిగించేస్తుంది. బుడగలో ఉంటే ఆ 5:1 నిష్పత్తి ఎముక మజ్జలో ఉన్న క్యాన్సర్ కణాల దాకా చెదరకుండా వెళ్తుంది.