అరకు మ్యూజియం ఎపిసోడ్ (అనుకున్నాం)

రమణ: ఎర్ర లైట్ వెలుగుతోందా? పోయినసారిలా గంట వాగాక ఏదీ పడలేదనకు.

సుధ: పడుతోంది అన్నా. అందరికీ నమస్తే, ఇవాళ అరకు ట్రైబల్ మ్యూజియం. గొడుగు సంగతి ఎవరూ అడగొద్దు.

రమణ: ఆ గొడుగు నాది కాదని ఎన్నిసార్లు చెప్పాలే. సరే, ముందు రైలు. సిమిలిగుడ స్టేషన్, 996 మీటర్ల ఎత్తు, ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో...

సుధ: మొదలెట్టేశాడు! మ్యూజియం 1996లో పెట్టారు, మనిషెత్తు మట్టి బొమ్మలు, నగలు, వేట సామాను, థింసా ఆడే ఆడవాళ్లు, పక్కనే కాఫీ మ్యూజియం, అయిపోయింది. నాకైతే ఆ ఆనపబుర్ర దగ్గరే కాళ్లు ఆగిపోయాయి.

రమణ: అంబలి పోసుకెళ్లేదా?

సుధ: అదే. మెడ దగ్గర చెయ్యి పట్టీ పట్టీ నున్నగా నల్లబడిపోయింది. ఎవరి చెయ్యో మరి. బొమ్మలకన్నా అదే మనిషిలా అనిపించింది నాకు.

రమణ: నా గొడవ వేరు. విల్లు పట్టుకున్న బొమ్మ ఉంది కదా, అది ఏ సంవత్సరం మనిషి? 1882కి ముందా, తర్వాతా? మద్రాస్ ఫారెస్ట్ చట్టం వచ్చాక పోడు కొడితే తప్పు, చెట్టు నరికితే తప్పు, సొంత అడవిలో దొంగైపోయాడు వాడు. బొమ్మ మొహం చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది.

సుధ: మట్టి బొమ్మ మొహంలో చట్టం ఎలా చూపిస్తారు అన్నా?

రమణ: పక్కన రెండు లైన్లు రాస్తే చాలు. గూడెం కొండల్లో బాస్టియన్ అని డిప్యూటీ తహసీల్దారు, గిరిజనుల్ని రోడ్డు పనికి లాక్కెళ్లి కూలి కూడా సరిగ్గా ఇవ్వలేదు. అందుకే అల్లూరి దళం దాడులు: 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి...

సుధ: ఆగు. అది గూడెం. ఇది అరకు. కొండలన్నీ ఒకటేనా నీకు? అలా కలిపేస్తే నువ్వూ ఆ టూరిస్టుల్లాగే, అందరినీ కలిపి "గిరిజనులు" అనేస్తావు. బగతలు వేరు, కొండదొరలు వేరు, పోర్జాలు వేరు.

రమణ: ...అది నిజమేలే.

సుధ: ఏటి, ఒప్పేసుకున్నావా? ఒంట్లో బాలేదా?

రమణ: అల్లూరి పేరు అందరికీ తెలుసు. ఆయన పక్కనే పోరాడిన గాం గంటందొర, మల్లుదొర అంటే ఎవరని మా క్లాసులో అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. మన్యంలో పిల్లలే మళ్లీ.

సుధ: ఊఁ.

రమణ: వాళ్లకి సిమిలిగుడ ఎత్తు మాత్రం తెలుసు, నేను చెప్పాను కాబట్టి.

సుధ: బాబోయ్. పాలు పొంగుతున్నాయి, ఉండు...