తొడిమలు తీసే చేతిదాకా రావాలి

అందరికీ నమస్కారమండీ. వేదిక మీద పెద్దలకి, కాలేజీ యాజమాన్యానికి, ముందు వరసల్లో కూర్చున్న కామర్స్ పిల్లలకి పేరుపేరునా చెప్పినట్టే అనుకోండి, టైం తక్కువుంది. నాకిచ్చిన టాపిక్ ప్రాంతీయ వాణిజ్య కూటములు, ప్రైవేటు రంగం, పేదరికం. ఇవన్నీ ఢిల్లీలో మాట్లాడుకునే సంగతులనుకుంటాం గానీ మన గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర నిలబడితే మొత్తం కనబడుద్ది.

మన తేజా రకం మిర్చి కాయ చైనా పోద్ది, థాయిలాండ్ పోద్ది, బంగ్లాదేశ్, శ్రీలంక పోద్ది. మన దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ 1985లో పెట్టుకున్నాం, అందులో సుంకాలు తగ్గించుకునే ఒప్పందం సాఫ్టా 2006లో అమల్లోకొచ్చింది, అయినా సార్క్ దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం వాటి మొత్తం వ్యాపారంలో 5 శాతం దగ్గరే ఆగింది. 1967లో ఐదు దేశాలతో మొదలైన ఆగ్నేయాసియా కూటమి ఆసియాన్‌లో అది పావు వంతు దాకా ఉంటది. సుంకం తగ్గిస్తే సరిపోదండీ, బంగ్లాదేశ్‌కి పోయే పెట్రాపోల్ బోర్డర్‌లో లారీ రోజుల తరబడి ఆగితే ఆ వెయిటింగు ఖర్చు ఎవరి నెత్తిన పడుద్ది? తిరిగి తిరిగి రైతు రేట్లోంచే కోస్తారు.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. కోల్డ్ స్టోరేజీ పక్కన రేకుల షెడ్డులో తొడిమలు తీసేది, కిలోకి ఇంతని కూలి. సాయంత్రానికి వేళ్ళు భగభగ మండేవి, మజ్జిగలో ముంచినా తగ్గేది కాదు, అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది, మా చెల్లిని మోచేతులతో ఎత్తుకునేది, చెయ్యి తగిలితే పిల్ల ఏడుస్తుందని. తొడిమ తీసిన కాయకి బయట దేశాల్లో రేటెక్కువ. ఆ ఎక్కువలో అమ్మకి ఎంతొచ్చింది? షెడ్డు ఓనరు చెడ్డోడు కాదు, ఆయనకీ సొంతంగా పంపుకునే దారి లేదు, బూజు విషం ఉందేమో చూసే అఫ్లాటాక్సిన్ టెస్టు, సరుకు ఏ దేశానిదో చెప్పే ఒరిజిన్ సర్టిఫికెట్, కంటైనర్ నిండేంత సరుకు, బ్యాంకు అడిగే తాకట్టు, ఇవన్నీ దాటలేక పెద్ద ఎగుమతిదారుకే అమ్మేవాడు. ప్రైవేటు రంగం అనగానే మనకి పెద్ద కంపెనీలే గుర్తొస్తాయి, ఆ షెడ్డు కూడా ప్రైవేటు రంగమే కదండీ!

తూర్పు ఆఫ్రికా కూటమిలో ఒక మంచి పద్ధతుంది. 2000 డాలర్ల లోపు సరుకైతే, లిస్టులో ఉన్నదైతే, చిన్న వ్యాపారికి బోర్డర్‌లోనే సింపుల్ ఒరిజిన్ సర్టిఫికెట్ ఇస్తారు. కెన్యా, ఉగాండా మధ్య బుసియాలో రెండు దేశాల చెకింగూ ఒకే చోట. తక్కువ సరుకుతో బోర్డర్ దాటే చిన్న వ్యాపారుల్ని దృష్టిలో పెట్టుకుని రాసిన రూలు అది. మనవాళ్ళు ఒప్పందం రాసేటప్పుడు ఆ బల్ల దగ్గర ఇలాంటి మనిషి గుర్తుకు రాదు, నా బాధంతా అదే. 2019లో ఆసియా పసిఫిక్ దేశాల పెద్ద వాణిజ్య ఒప్పందం ఆర్‌సెప్ వద్దని బయటికొచ్చాం, బయటి పాల సరుకు వచ్చి పడుద్దన్న పాడి రైతుల భయం న్యాయమైందే, కాదనను. కానీ ఉన్న ఒప్పందాల్ని చిన్నోడు వాడుకునేలా చేసుకోవడానికి ఎవరు అడ్డం?

పిల్లలూ, ఫోన్లు పక్కన పెట్టండమ్మా. మీ ఇళ్ళల్లో మిర్చి పనికెళ్ళేవాళ్ళు ఎంతమందున్నారు, చేతులెత్తండి. చూడండి సార్, ఎన్ని చేతులో చూడండి! వీళ్ళ అమ్మలు డ్వాక్రా సంఘాల్లో ఉన్నారు, పది సంఘాలు కలిసి కారం మిల్లు పెట్టుకోగలవు, కొలంబోకి పంపాలంటే మాత్రం వాళ్ళకి అందుబాటు ఫీజుతో యార్డులోనే టెస్టింగ్ ల్యాబ్ కావాలి, కాగితాలు దగ్గరుండి చేసిపెట్టే ఒక కౌంటర్ కావాలి. ఈ రెండూ అడుగుతూ వినతిపత్రం రాశాం, బయట టేబుల్ మీద పెట్టాం. భోజనాలకి పోయే ముందు అందరూ సంతకం పెట్టండి, మీ అమ్మల చేత కూడా పెట్టించండి.