నానమ్మ తిట్టే పోజులో ఒక బొమ్మ: ద్యూరర్ 'మెలెన్‌కోలియా 1'

చిన్నప్పుడు చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చుంటే మా నానమ్మ అస్సలు ఊరుకునేది కాదు, "గట్ల కూసోకు బిడ్డా, ఇంటికి శని" అని చెయ్యి లాగేసేది. మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఒక ఆర్ట్ బుక్‌లో సరిగ్గా అలాగే కూర్చున్న ఒకామె కనిపించింది, నవ్వాగలేదు, కొనేశా.

ఇదిగో, స్క్రీన్ మీద చూడండి. జర్మనీలోని న్యూరెంబర్గ్ ఆర్టిస్ట్ ఆల్బ్రెక్ట్ ద్యూరర్ 1514లో చేసిన ప్రింట్, పేరు 'మెలెన్‌కోలియా 1'. రాగి రేకు మీద ఒక్కో గీతా చెక్కి, ఆ గాడుల్లోకి ఇంకు దూర్చి కాగితానికి అచ్చు తీసింది, ఏ4 కాగితం కన్నా చిన్నది, అందులోనే ఇంత సామాను!

అప్పట్లో యూరప్‌లో ఏమనుకునేవాళ్ళంటే, ఒంట్లో నల్ల పిత్తం ఎక్కువైతే మనిషి ఇలా దిగాలు పడిపోతాడని, ఆ దిగులే మెలెన్‌కోలియా అని, దానికి అధిపతి శాటర్న్ అనీ. శాటర్న్ అంటే ఎవరండీ? శనే కదా! నానమ్మ ఎక్కడ, న్యూరెంబర్గ్ ఎక్కడ. ఆమె మొహం కూడా చూడండి, కావాలనే నీడలో పెట్టాడు.

ఇప్పుడు వెనక గోడ మీద అంకెల గళ్ళు జూమ్ చేస్తున్నా. 16, 3, 2, 13 కూడండి, 34. నిలువుగా కూడినా 34, మూలలు కూడినా 34, మధ్య నాలుగు గళ్ళూ 34. కింది వరసలో 15, 14 పక్కపక్కనే పడ్డాయి, అంటే చేసిన సంవత్సరం! ఇక్కడిదాకా అందరూ చెప్తారు, ఇంటర్నెట్‌లో దీన్ని సీక్రెట్ కోడ్ అని గంటలు గంటలు వీడియోలు కూడా ఉన్నాయి, నాకైతే అంత సీన్ లేదనిపిస్తుంది. ఈ నాలుగు నాలుగుల చదరం జూపిటర్‌దని అప్పటి లెక్క, జూపిటర్ అంటే గురుడు. శనికి విరుగుడుగా గురుబలం అన్నమాట, మన ఇళ్ళల్లో రాగి రేకు యంత్రం గోడకి కొట్టిస్తారే, అచ్చం అదే పని. తల మీద ఆకుల చుట్ట కూడా అంతే, నీళ్ళల్లో పెరిగే మొక్కలవి, ఆ పిత్తం పొడి స్వభావానికి విరుగుడుగానట.

నడుముకి వేలాడే తాళాల గుత్తి అధికారం, డబ్బు సంచి సంపద. ఇది మన ఊహ కాదు, ద్యూరరే తన స్కెచ్ మీద రాసి పెట్టుకున్నాడు.

సరే, రెక్కలున్నాయి, తాళాలున్నాయి, డబ్బుంది, మరి ఎందుకు లేవట్లేదు? కింద రంపం, చిత్రిక, మేకులు పడున్నాయి, కుక్క పడుకుంది, త్రాసు ఖాళీ, గంట కదలట్లేదు, పక్కన చిన్న రెక్కల పిల్లాడు మాత్రం పలక మీద తెగ గీకేస్తున్నాడు, వాడికేం తెలుసని! తెలిసిన మనిషేమో కదలకుండా కూర్చుంది. ఓడిపోయి కూర్చుందని చాలామంది అంటారు గానీ నేను ఒప్పుకోను. ఆ కళ్ళు చూడండి, అంత నీడలో కూడా తెల్లగా ఎలా మెరుస్తున్నాయో, ఎక్కడో దూరంగా చూస్తున్నాయి. పనిముట్లన్నీ కింద పారేసింది కదా, ఒళ్ళో పుస్తకం మీద కుడి చెయ్యి చూడండి, వృత్తాలు గీసే కంపాస్ ఇంకా పట్టుకునే ఉంది.