కుడివైపు తిరగనని మొరాయించే కుర్ర గుర్రానికి కావెసన్ పనికొస్తుందా? – రివ్యూ

నమస్కారం. నా చేతిలో ఉన్నది కావెసన్. చూడటానికి కళ్లెంలాగే ఉంటుంది కానీ నోట్లోకి వెళ్లే ఇనుప కడ్డీ ఉండదు. ముక్కు పట్టీకి నడిమధ్యన ఈ రింగు చూడండి, లాంజింగ్ తాడు, అంటే గుర్రాన్ని మన చుట్టూ వలయంగా తిప్పే పొడవాటి తాడు, ఇక్కడే తగిలిస్తాం. తీర్పు ముందే చెప్పేస్తాను: మీ గుర్రం ఎడమవైపు హాయిగా తిరిగి, కుడివైపు అనగానే ఆగిపోతుంటే ఇది కొనండి. అయితే ఇది సగం పనే చేస్తుంది. మిగతా సగం మీదే.

మధ్య రింగు వల్ల లాభం ఏమిటంటే, ఏ వైపు తిప్పినా లాగుడు ముక్కు మీదే సమానంగా పడుతుంది. హాల్టర్, అంటే గుర్రాన్ని కట్టేయడానికి తలకు వేసే మామూలు పట్టీ, అయితే పక్కకు జారుతుంది. కళ్లెం రింగుకు కడితే దిక్కు మారిన ప్రతిసారీ విప్పి కట్టాలి, పైగా లేత నోటికి నొప్పి. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూలులో కుర్ర లిపిజానర్ జాతి గుర్రాలకు కావెసన్‌తోనే లాంజింగ్ నేర్పేది ఊరికే కాదు.

ఇక లోపం. నేను కొన్న దానిలో దవడ పట్టీ పలచన. తాడు బిగియగానే బయటివైపు చెంప పట్టీ కంటి మీదికి పాకింది. అలా పాకితే గుర్రం తల విదిలిస్తుంది, మనమేమో పొగరు అనుకుంటాం. కొనేటప్పుడు ముందు దవడ పట్టీ చూడండి, అది గట్టిగా నిలవాలి. ముక్కు పట్టీ చెంప ఎముకకు రెండు వేళ్లు దిగువన, గట్టి ఎముక మీద కూర్చోవాలి. ఇంకా దించితే ఊపిరికి అడ్డం. మార్వాడీ గుర్రాల ముఖం సన్నం కాబట్టి పెద్ద సైజు తీసుకోకండి. లోపల ఇనుప పళ్లుండే స్పానిష్ రకం, సెర్రెటా అంటారు, కుర్ర గుర్రం దరిదాపులకు కూడా రానివ్వకండి.

సరే, కుడివైపు ఎందుకు తిరగదు? గుర్రానికీ పుట్టుకతో ఒక వాటం ఉంటుంది. దానికి మనం ఇంకొంచెం జోడిస్తాం: హాల్టర్ వేసేది ఎడమనుంచి, నడిపించేది ఎడమనుంచి, ఎక్కేది ఎడమనుంచి. కుడిపక్కన మనిషి నిలబడితేనే దానికి కొత్త. గానుగెద్దులా ఒకే దిక్కుకు అలవాటు పడిపోతుంది.

అందుకని తాడు వదలకముందే కొన్ని రోజులు కుడిపక్కన నడుస్తూ నడిపించండి. తర్వాత కొద్దికొద్దిగా దూరం జరగండి. మీరు భుజానికి ఎదురుగా నిలబడితే అది మీవైపు తిరిగి ఆగిపోతుంది. పొట్ట వెనక భాగానికి ఎదురుగా ఉండండి, ముందుకు కదులుతుంది. ఇంకో మాట, కుడివైపు తిప్పేటప్పుడు తాడు కుడిచేతిలో, కొరడా ఎడమచేతిలో ఉంటాయి; కుడిచేతి వాటం వాళ్లకు ఎడమచేత్తో కొరడా చూపించడం రాదు. గుర్రం లేకుండా, ఖాళీ మైదానంలో అభ్యాసం చేయండి. ఎవరైనా చూసి నవ్వితే నవ్వనివ్వండి.

వలయం వ్యాసం 15 మీటర్లకు తగ్గకూడదు. అంటే 8 మీటర్ల తాడు కావాలి. చిన్న వలయంలో లోపలి కాళ్ల మీద బరువు ఎక్కువ పడుతుంది, ఎదిగే కీళ్లకు మంచిది కాదు. మొదట్లో మొత్తం పది నిమిషాలు చాలు. సులువైన వైపు మొదలుపెట్టి, కష్టమైన వైపు కాసేపు, మళ్లీ సులువైన వైపు. రానివైపే రెట్టింపు తిప్పడం అనే సలహా తరచూ వింటుంటాను. అలసిన కండరం ఇంకా బిగుసుకుపోతుంది తప్ప మెత్తబడదు. నాలుగు అడుగులు వంపుగా, మెడ వదులుగా వేస్తే అక్కడే ఆపి మెచ్చుకోండి.

తాడు చేతికి చుట్టుకోవద్దు, మడతలు వేసి పట్టుకోండి. చేతి తొడుగులు తప్పనిసరి.

ఒకవైపు తిరిగేటప్పుడు మాత్రమే చిన్నపాటి పరుగులో, అంటే ట్రాట్‌లో తల పైకీ కిందికీ ఊపుతోందంటే అది వాటం కాకపోవచ్చు, కాలి నొప్పి కావచ్చు. ఆ రోజు కావెసన్ తీసి గోడకు తగిలించి, పశువైద్యుడిని పిలవండి.