రోడ్డు తెల్లబడిందంటే ఏమైనట్టు?

[తెర మీద: పల్లె మధ్యగా వెళ్ళే బీటీ రోడ్డు. ఉదయం ఎండ.]

నమస్కారమండీ. ఈ రోడ్డు చూడండి. ఒక్క గుంత లేదు. బండి మీద వెళ్తే కుదుపు కూడా లేదు. మరి దీని మీద వీడియో ఎందుకంటారా? రంగు చూడండి. వేసిన రోజున కాకి నలుపు, ఇప్పుడేమో బూడిద రంగు. రోడ్డుకు ముసలితనం అలాగే మొదలవుతుంది.

[వంగి, రోడ్డు అంచును వేలితో గీకడం. దగ్గరి దృశ్యం.]

అంచున గీకితే ఇదిగో, సన్న ఇసుక రాలుతోంది. ముందు ఇసుక, తర్వాత చిన్న చిప్స్, ఆ తర్వాత పెద్ద కంకర. ఇంజనీర్లు దీన్ని రావెలింగ్ అంటారు. మన ఊళ్ళో అయితే "కంకర లేచిపోతోంది" అంటారు. నాకు మన మాటే బాగుంది, జరిగేది కళ్ళకు కట్టినట్టుంటుంది.

ఎందుకు లేస్తోంది? ముడి చమురులోంచి పెట్రోలు, డీజిలు తీసేశాక అడుగున మిగిలేదే తారు, తెలంగాణలో డాంబర్. అందులో గట్టిగా ఉండే ఆస్ఫాల్టీన్లు ఉంటాయి, వాటిని మెత్తగా పట్టి ఉంచే నూనెలాంటి మాల్టీన్లు ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్ తగిలే కొద్దీ మాల్టీన్లు తగ్గి, ఆస్ఫాల్టీన్లు పెరుగుతాయి. వేడి దీనికి తోడు. మే నెల మధ్యాహ్నం మన దగ్గర రోడ్డు ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది. దాంతో తారు పెళుసెక్కి, రాయిని పట్టుకునే గుణం పోగొట్టుకుంటుంది. సన్నటి పగుళ్ళొస్తాయి. వాటిలోంచి వాన నీరు దిగి తారుకీ రాయికీ మధ్య చేరుతుంది. పైనుంచి లారీ చక్రం నొక్కుతుంది. ఇక ఆగస్టులో గుంతలు చూసి తిట్టుకోవడమే మన పని.

అయితే ఈ పెళుసుదనం ఎక్కువగా పైనున్న కొద్ది మిల్లీమీటర్లలోనే ఉంటుంది. గాలీ ఎండా ముందు తగిలేది అక్కడే కదా. కింద తారు ఇంకా బాగానే ఉంటుంది.

[తెర మీద: ఆవకాయ జాడీ. గరిటెతో నూనె పోయడం.]

మన ఇళ్ళలో ఆవకాయ జాడీ పైన నూనె తేలుతూ ఉండాలంటారు. నూనె ఇంకిపోతే గాలి తగిలి బూజు పడుతుందని అమ్మ మళ్ళీ కాస్త నూనె కాచి, చల్లార్చి పోస్తుంది. బూజు పట్టాక పోస్తే లాభం లేదు. పాతబడుతున్న రోడ్డు మీద ఎమల్షన్ అనే తారు ద్రవం పిచికారీ కొట్టడం కూడా అంతే. ఇంజనీరింగ్ పుస్తకాల్లో దీని పేరు ఫాగ్ స్ప్రే, ఫాగ్ సీల్.

[తెర మీద: గాజు గ్లాసులో గోధుమ రంగు ద్రవం.]

ఇదే ఎమల్షన్. తారంటే నల్లగా, చిక్కగా ఉంటుందనుకుంటాం. ఇది చూస్తే కాఫీ రంగులో, పలచగా ఉంది. మామూలు తారును వాడాలంటే 150 డిగ్రీలకు అటూఇటూ కాచాలి. ఇక్కడ తారును కంటికి కనపడనంత చిన్న బిందువులుగా చేసి, రసాయనం సాయంతో నీళ్ళలో తేలేట్టు కలిపారు. పాలలో వెన్న ఉన్నట్టన్నమాట. అందుకే మంట పెట్టకుండా పిచికారీ చేయొచ్చు.

రోడ్డు మీద పడ్డాక ఈ బిందువులు నీళ్ళను వదిలి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇంగ్లిషులో దీన్ని బ్రేకింగ్ అంటారు. మనం పాలు విరిగాయంటామే, అలాంటిదే. విరిగిందని ఎలా తెలుస్తుంది? గోధుమ రంగు నలుపుకు తిరుగుతుంది.

మన దేశంలో రోడ్లకు వాడేది కాటయానిక్ రకం, దాని ప్రమాణం ఐఎస్ 8887. బిందువుల మీద ధనావేశం ఉంటుంది. మన దగ్గర కంకరలో గ్రానైటు ఎక్కువ. తడి గ్రానైటు మీద రుణావేశం ఉంటుంది. ఇక చెప్పేదేముంది, పట్టుకుంటుంది. ఫాగ్ స్ప్రేకి తీసుకునేది ఎస్ఎస్-1, అంటే నెమ్మదిగా విరిగే రకం. త్వరగా విరిగేది వాడితే పైనే గట్టిపడి, వెంట్రుక పగుళ్ళలోకి దిగదు.

[తెర మీద: రోడ్డు ఊడుస్తున్న యంత్రం, వెనక స్ప్రేయర్ బండి.]

ఇప్పుడు పని. ముందు ఊడవాలి. దుమ్ము మీద కొడితే తారు దుమ్మునే పట్టుకుంటుంది, రోడ్డును కాదు. గుంతలుంటే ముందే పూడ్చాలి, పెద్ద పగుళ్ళు విడిగా నింపాలి. ఎమల్షన్‌ను పలచన చేయాల్సి వస్తే, నీళ్ళను ఎమల్షన్‌లో పోయాలి గానీ ఎమల్షన్‌ను నీళ్ళలో పోయకూడదు. బోరు నీళ్ళయితే ముందు చిన్న డబ్బాలో కలిపి చూసుకోవాలి. సరిపడని నీళ్ళయితే ట్యాంకులోనే విరిగి, నాజిళ్ళు మూసుకుపోతాయి.

ఎంత కొట్టాలి? చదరపు మీటరుకు అర లీటరు నుంచి ఒక లీటరు. ఈ రోడ్డు ఎంత తాగుతుందో తెలుసుకోవడానికి ఒక పాత చిట్కా ఉంది. చదరపు మీటరు గీసి, పలచన చేసిన ఎమల్షన్ ఒక లీటరు సమంగా పోయండి. రెండు మూడు నిమిషాల్లో ఇంకకుండా నిలిచిపోతే మోతాదు తగ్గించాలి. ఈ ఒక్క పరీక్ష ఎగ్గొట్టి, ఎక్కువ కొడితే నలుపు ఎక్కువని లాగించేసిన చోట నేను బండి నడిపాను. తొలి చినుక్కే చక్రం పక్కకు జారింది. పొరపాటున ఎక్కువ పడితే పైన ఇసుక గానీ రాతి పొడి గానీ చల్లాలి.

ఇక డబ్బు సంగతి. 3.75 మీటర్ల వెడల్పున్న రోడ్డు కిలోమీటరంటే 3,750 చదరపు మీటర్లు. అర లీటరు లెక్కన 1,875 లీటర్లు, ఒక బండి ట్యాంకు. అదే రోడ్డు మీద 25 మిల్లీమీటర్ల కొత్త పొర వేయాలంటే సుమారు 215 టన్నుల తారు-కంకర మిక్సు కావాలి, అంటే పదికి పైగా టిప్పర్లు. ఫాగ్ స్ప్రే ఏడాది నుంచి మూడేళ్ళ దాకా పనిచేస్తుంది, తర్వాత మళ్ళీ కొట్టుకోవాలి. అయినా చవకే. కానీ బాగున్న రోడ్డుకు డబ్బు అడిగితే ఎవరిస్తారు? గుంతలు పడ్డాకే ఫైలు కదులుతుంది. అప్పటికి ఇది పనికిరాదు. మొసలి తోలులా గళ్ళుగళ్ళుగా పగిలిన రోడ్డుకీ, చక్రాల దారిలో కుంగిన రోడ్డుకీ ఎంత ఎమల్షన్ కొట్టినా పైన నలుపే మిగులుతుంది. అక్కడ లోపలి పొర దెబ్బతింది. అలాగే ఎండకు తారు పైకి ఉబికి మెరిసే రోడ్డు మీద అసలు కొట్టకూడదు.

మన దగ్గరైతే మార్చి, ఏప్రిల్ మంచి సమయం. వాన సూచన ఉన్న రోజు వద్దు. విరగకముందే చినుకు పడితే కొట్టిందంతా పక్క కాలవలో ఉంటుంది.

[తెర మీద: పిచికారీ అయిన రోడ్డు. గోధుమ రంగు మెల్లగా నల్లబడటం.]

బండ్లు ఎప్పుడు వదలాలి? ఎండను బట్టి రెండు గంటలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు. గడియారం కన్నా చెయ్యి నయం. ఇలా అరచేయి ఆనించి, గట్టిగా నొక్కండి.

[చెయ్యి ఎత్తి కెమెరాకు చూపడం. అరచేతిలో గోధుమ మరక.]

ఇంకా ఆరలేదు. బండ్లు రాకుండా కట్టిన తాడు అలాగే ఉంచండి, టీ తాగొద్దాం.