ఈ రాత్రి అతను ఆడతాడా?

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పదేళ్లకు పైబడి ఒక వాదన నడుస్తోంది. బార్లలో, ఆఫీసుల్లో, స్పోర్ట్స్ రేడియోకి వచ్చే ఫోన్లలో, పెళ్లి భోజనాల దగ్గర కూడా అదే మాట. ఆ ఊళ్లో స్థిరపడిన మన తెలుగువాళ్ల పిల్లలు కూడా ఈపాటికి అందులో ఏదో ఒక పక్షం చేరే ఉంటారు. వాదన అంతా ఒక్క మనిషి మోకాలి గురించి. ఆయన పేరు జోయెల్ ఎంబీడ్. ఏడడుగుల బాస్కెట్‌బాల్ ఆటగాడు. ఊరి జట్టు పేరు సెవెంటీ సిక్సర్స్, ముద్దుగా సిక్సర్స్ అంటారు.

ఎంబీడ్ పుట్టింది ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో, 1994లో. చిన్నప్పుడు బాస్కెట్‌బాల్ ముఖం కూడా చూడలేదు. పదిహేనేళ్లు దాటాక బంతి పట్టాడు, ఆ తర్వాత కొద్ది ఏళ్లకే అమెరికాలో కాన్సాస్ యూనివర్సిటీ జట్టులో ఉన్నాడు. జట్లు ఏటా వరుస ప్రకారం కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమం ఒకటుంది. 2014లో అందులో సిక్సర్స్ అతన్ని మూడో నంబరు ఆటగాడిగా ఎంచుకున్నారు. మొదటి నంబరుకే పోవలసినవాడు. కానీ ఎంపికకు కొద్ది రోజుల ముందు కుడి పాదంలో నావిక్యులర్ అనే చిన్న ఎముక విరిగింది. పాదం వంపు దగ్గర ఉండే ఈ ఎముకకు రక్తం సరిగా అందదు, అందుకని విరిగితే తొందరగా అతకదు. ఎత్తుగా, బరువుగా ఉండి రోజూ ఎగిరి దూకే వాళ్లకు ఇది పెద్ద శత్రువు. ఎంబీడ్ విషయంలో ఒక ఆపరేషన్ సరిపోలేదు, మరుసటి ఏడాది రెండోది చేశారు. జట్టులో చేరిన మొదటి రెండు సీజన్లలో అతను ఆడిన మ్యాచ్‌లు సున్నా.

ఆ రెండేళ్లూ జట్టు కూడా ఓడుతూనే ఉంది. కావాలనే ఓడింది అనాలి. ఎన్‌బీఏలో, అంటే ఈ జట్లన్నీ ఆడే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో, అట్టడుగున ఉన్న జట్లకే మరుసటి ఏడాది మంచి కుర్రాళ్లను ఎంచుకునే అవకాశం ఎక్కువ. అప్పటి జనరల్ మేనేజర్ శామ్ హింకీ ఆ దారే పట్టాడు. 2015-16 సీజన్‌లో 82 మ్యాచ్‌లకు సిక్సర్స్ గెలిచింది పది. అయినా స్టేడియంలో జనం ‘ట్రస్ట్ ద ప్రాసెస్’ అని అరిచేవారు. జరుగుతున్నదాన్ని నమ్మండి, ఫలితం వస్తుంది అని. ఎంబీడ్ ఆ మాటనే తన ముద్దుపేరు చేసుకున్నాడు, తనను ‘ద ప్రాసెస్’ అని పిలిపించుకున్నాడు. పక్క ఊళ్ల వాళ్లు మాత్రం ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు నవ్వారు.

2016 అక్టోబర్ 26న అతను తొలిసారి మ్యాచ్ ఆడాడు. ఇరవై పాయింట్లు. ఆ సీజన్‌లో ఆడిన కాసేపటికే సగటున ఇరవై పాయింట్ల పైనే చేశాడు. కానీ 31 మ్యాచ్‌లకే ఎడమ మోకాలు మొరాయించింది. అప్పటి నుంచి అభిమానులు రెండుగా చీలారు. ఆశ పెట్టుకున్నవాళ్లు ఇరవై పాయింట్ల దగ్గర ఆగారు. లెక్కలు చూసేవాళ్లు 31 దగ్గర ఆగారు.

ఆశ పెట్టుకోవడం వెర్రితనం కాదని తేల్చే ఉదాహరణలు ఉన్నాయి. గోల్డెన్ స్టేట్ జట్టులో స్టీఫెన్ కర్రీ 2011-12లో చీలమండ గాయాలతో 26 మ్యాచ్‌లే ఆడాడు. ఆ భయం వల్లే మరుసటి కాంట్రాక్ట్ నాలుగేళ్లకు 44 మిలియన్ డాలర్లకు తెగింది, ఆ స్థాయి ఆటగాడికి అది చాలా చవక. తర్వాత అతను వరుసగా రెండుసార్లు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఇక రెండో వైపు గ్రెగ్ ఓడెన్. 2007లో, తర్వాత పెద్ద స్టార్ అయిన కెవిన్ డురాంట్ కంటే ముందు, మొదటి నంబరుగా పోర్ట్‌లండ్ ఎంచుకున్న కుర్రాడు. మోకాళ్లు సహకరించక ఎన్‌బీఏ జీవితం మొత్తంలో 105 మ్యాచ్‌లు. గాయం తగిలిన రోజున వీరిద్దరిలో ఎవరు కర్రీ అవుతారో, ఎవరు ఓడెన్ అవుతారో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఎంబీడ్ మధ్యలో ఆగిపోయాడు. అదే అసలు చిక్కు. ఓడెన్ అయిపోయి ఉంటే ఊరు ఏడ్చి మరిచిపోయేది. కర్రీ అయి ఉంటే వాదనే ఉండేది కాదు. 2022-23లో అతను లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు గెలిచాడు, సగటు 33 పాయింట్లు. అయినా ఒక్క సీజన్‌లో కూడా 70 మ్యాచ్‌లు ఆడింది లేదు. అత్యధికం 68. 2014 నుంచి 2025 వరకు పదకొండు సీజన్లలో ఆడినవి 452, అంటే జట్టు ఆడిన మ్యాచ్‌లలో సగం కంటే కొంచెం ఎక్కువ. మోకాళ్లే కాదు, కంటి చుట్టూ ఉండే ఎముక రెండుసార్లు విరిగింది, అందులో ఒకసారి సొంత జట్టు ఆటగాడు ఢీకొనడం వల్ల. ముఖానికి మాస్క్ కట్టుకుని ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివర కప్పు కోసం జరిగే పోటీలు, ఆడాడు. బొటనవేలి లిగమెంట్ చిరిగినా ఆడాడు. 2024 ప్లేఆఫ్స్‌లో ముఖం ఒక పక్కన పక్షవాతంలా పట్టేసే బెల్స్ పాల్సీ వచ్చింది. కన్ను సరిగా మూసుకోకపోయినా, న్యూయార్క్ నిక్స్ మీద ఒక మ్యాచ్‌లో 50 పాయింట్లు చేశాడు.

ఆ సీజన్ అంకెలు చెప్తే రెండు పక్షాలూ ఒకేసారి చప్పట్లు కొడతాయి. 2023-24లో ఎంబీడ్ ఆడిన 39 మ్యాచ్‌లలో సిక్సర్స్ 31 గెలిచారు, 8 ఓడారు. అతను లేని 43లో గెలిచింది 16, ఓడింది 27. చూశారా, అతనుంటే మనదే కప్పు అంటారు ఒకరు. చూశారా, అతను సగం మ్యాచ్‌లకు లేడు అంటారు ఇంకొకరు. నా ఉద్దేశంలో వీళ్లు ఒకే ప్రశ్న మీద కొట్టుకోవడం లేదు. ఆడితే ఎంత గొప్పగా ఆడతాడు అన్నది ఒక ప్రశ్న. ఎన్ని రోజులు ఆడతాడు అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పేవాడిని పిచ్చి ఆశాజీవి అనడం, రెండోదానికి జవాబు చెప్పేవాడిని జట్టు ద్రోహి అనడం, ఇదీ రోజూ జరిగేది.

2024 జనవరి చివరి వారం సంగతి దీనికి సరిగ్గా సరిపోతుంది. ఆ నెల 22న అతను శాన్ ఆంటోనియో మీద 70 పాయింట్లు చేసి, పాతతరం దిగ్గజం విల్ట్ చాంబర్లిన్ పేరు మీదున్న, ఒక మ్యాచ్‌లో అత్యధిక పాయింట్ల సిక్సర్స్ రికార్డును దాటాడు. ఊరు ఊగిపోయింది. ఐదు రోజులకే డెన్వర్‌లో మ్యాచ్. అక్కడ నికోలా యోకిచ్ ఉన్నాడు, ఎంబీడ్‌కు గట్టి పోటీదారు. ఆట మొదలయ్యే ముందు ఎంబీడ్ ఆడటం లేదని తేలింది, మోకాలు నొప్పి. డెన్వర్ జనం ఎక్కడున్నాడు ఎంబీడ్ అని గుక్క తిప్పుకోకుండా అరిచారు. 2019 తర్వాత అతను ఆ ఊళ్లో ఆడనే లేదు మరి. భయపడ్డాడు, సాకు చెప్పాడు అని అన్ని ఊళ్లలోనూ మొదలుపెట్టారు. తమను తాము వాస్తవవాదులనుకునే సొంత అభిమానులు కూడా ఆ గొంతులో గొంతు కలిపారు. పైగా ఆ ఏడాది నుంచే కొత్త నియమం వచ్చింది, 65 మ్యాచ్‌లు ఆడనివాళ్లకు పెద్ద అవార్డులు ఉండవని. జనవరి 30న గోల్డెన్ స్టేట్‌తో మ్యాచ్‌లో అతను దిగాడు. ఆఖరి క్వార్టర్‌లో బంతి కోసం పోటీపడుతుండగా ఎదుటి ఆటగాడు అతని ఎడమ కాలి మీద పడ్డాడు. మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ దెబ్బతింది. ఆపరేషన్.

మర్నాడు రేడియోలో అడిగిన ప్రశ్న ఏమిటంటే, నొప్పి ఉన్నవాణ్ని ఎందుకు ఆడించారు? మూడు రోజుల ముందు ఎందుకు ఆడలేదని అడిగినవాళ్లలో చాలామందే దీన్ని కూడా అడిగారు. నాకు ఇక్కడ కోపం వస్తుంది, దాచుకోను. మోకాలు నొప్పి ఉందన్నవాణ్ని పిరికివాడు అనడం వాస్తవాన్ని చూడటం కాదు. అది టికెట్ డబ్బులు పోయిన కోపం. నెలల ముందు కొన్న టికెట్‌తో, కొడుకును వెంటబెట్టుకుని వచ్చినవాడికి ఆ కోపం న్యాయమే. కాకపోతే దానికి తెలివితేటల వేషం వేయక్కర్లేదు. నిజంగా లెక్కలు చూసేవాడి మాట చాలా చప్పగా ఉంటుంది. ఇతను ఏడాదికి యాభై మ్యాచ్‌లు ఆడతాడు అనుకుందాం, మిగతా వాటికి అతని స్థానంలో ఆడే మంచి సెంటర్ ఆటగాణ్ని కొందాం, వరుస రాత్రుల మ్యాచ్‌లలో కూర్చోబెడదాం, ఏప్రిల్‌లో మొదలయ్యే ప్లేఆఫ్స్‌కు మిగుల్చుకుందాం. ఈ మాటకు స్టేడియంలో ఎవరూ చప్పట్లు కొట్టరు.

అదే వేసవిలో ఎంబీడ్ అమెరికా జట్టుతో పారిస్ ఒలింపిక్స్ ఆడి బంగారు పతకం తెచ్చుకున్నాడు. వెనక్కి రాగానే సిక్సర్స్ మరో మూడేళ్లకు సుమారు 193 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ పొడిగించారు. అభిమాని ఆశపడితే పోయేది నిద్ర. యాజమాన్యం ఆశపడితే పోయేది జట్టు కట్టుకోవడానికి ఉన్న సొమ్ము, ఎందుకంటే ఎన్‌బీఏలో జీతాలకు పరిమితులు ఉంటాయి. అప్పుడే అతను ఇకపై వరుస రాత్రులు బహుశా ఆడనని చెప్పాడు. అతని ఆరోగ్యం గురించి జట్టు చెప్పిన మాటలు ఒకదానికొకటి పొసగలేదని లీగ్ లక్ష డాలర్ల జరిమానా వేసింది. ప్రతి మ్యాచ్ ముందురోజు వచ్చే గాయాల జాబితాలో ఎంబీడ్ పేరు ఎదురుగా చాలాసార్లు ‘అవుట్’, అంటే ఆడడు, అనే మాట ఉండేది. అక్టోబర్‌లో ఒక పత్రికా రచయిత, అతని బాధ్యతను ప్రశ్నిస్తూ చనిపోయిన తమ్ముణ్ని, ఆ తమ్ముడి పేరే పెట్టుకున్న కొడుకును రాతలోకి లాగాడు. తమ్ముడు ఆర్థర్ 2014లో కామెరూన్‌లో రోడ్డు ప్రమాదంలో పోయాడు, పదమూడేళ్లవాడు. నవంబర్‌లో ఎంబీడ్ లాకర్ రూములో ఆ రచయితను తోసేశాడు, మూడు మ్యాచ్‌ల నిషేధం పడింది. తోయడం తప్పే. రాసింది కూడా తప్పేనని ఆ రోజు రెండు పక్షాలూ కలిసి ఒప్పుకున్నాయి, ఆ ఏడాది వాళ్లు కలిసిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

చివరికి 2025 ఫిబ్రవరి నెలాఖరున, 19 మ్యాచ్‌లు ఆడాక, ఆ సీజన్‌కు అతన్ని పక్కన పెట్టేశారు. ఏప్రిల్‌లో అదే మోకాలికి మళ్లీ ఆపరేషన్. సిక్సర్స్ 24 గెలిచి 58 ఓడారు. ఓటమి వల్ల మూడో నంబరు ఎంపిక దక్కింది, దానితో వీజే ఎడ్జ్‌కోంబ్ అనే కుర్రాణ్ని తీసుకున్నారు. ఎంబీడ్‌ను తీసుకున్నదీ మూడో నంబరుకే కదా అని ఆశ ఉన్నవాళ్లు వెంటనే గుర్తుచేశారు. లెక్కలవాళ్లు కూడా అదే వాక్యం అన్నారు, గొంతు వేరు.

1983 తర్వాత ఆ ఊరికి బాస్కెట్‌బాల్ కప్పు రాలేదు. ఎంబీడ్ ఉన్న మొదటి పదకొండేళ్లలో జట్టు ప్లేఆఫ్స్ రెండో రౌండు కూడా దాటలేదు. 2019లో టొరంటో మీద దాటేదే. టొరంటో ఆటగాడు కవాయ్ లెనార్డ్ ఆఖరి క్షణంలో వేసిన బంతి రింగు మీద నాలుగుసార్లు ఎగిరి లోపలికి పడింది, ఎంబీడ్ కన్నీళ్లు పెట్టుకుంటూ లోపలికి నడిచాడు. ఆ మ్యాచ్‌లో అతను ఆడాడు, 45 నిమిషాలు. గాయం అడ్డు రాని రోజున కూడా ఓడవచ్చన్న సంగతి ఈ వాదనలో ఎవరికీ పెద్దగా పట్టదు. కాంట్రాక్ట్ మాత్రం 2029 వరకు ఉంది, కాబట్టి అప్పటిదాకా స్పోర్ట్స్ రేడియోవాళ్ల ఫోన్లకు తీరిక ఉండదు.

నమస్కారం.