చివరి రోజుకని దాచుకున్నవి

అందరికీ నమస్కారం. ఈ మధ్యే మా ఆయనా నేనూ అండమాన్ వెళ్లొచ్చాం. ఇద్దరమే. పెళ్లయిన 27 ఏళ్లలో పిల్లలూ, చుట్టాలూ, పులిహోర డబ్బా, ఏదీ వెంట లేకుండా చేసిన మొదటి ప్రయాణం ఇది. మొత్తం కథంతా చెబుతానని కంగారు పడకండి, సెల్యులార్ జైలు ముందు దిగిన ఫొటోలు రేడియోలో ఎలాగూ చూపించలేను. చివరి రెండు రోజుల సంగతే చెబుతాను. ఆ రెండు రోజులూ మాకు మూడయ్యాయి, అదీ విషయం.

ముందు మా ఆయన గురించి కొంచెం తెలియాలి. ఆయన విస్తట్లో బూరెని చివరికి దాచుకునే మనిషి. పప్పు, కూర, పులుసు, పెరుగన్నం కూడా అయ్యాక అప్పుడు తీరిగ్గా బూరె. ఈలోగా పక్కన కూర్చున్న పిల్లాడెవడో దానికేసి చూస్తే జాలిపడి వాడికి ఇచ్చేస్తారు, ఇంటికొచ్చి బూరె తినలేదని నాతో అంటారు. అలాంటి మనిషి నల్లకుంటలో మా డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరిచి ఈ ప్రయాణానికి ప్లాన్ వేశారు. మొదట పోర్ట్ బ్లెయిర్, తర్వాత నీల్ దీవి, ఆఖరున హావ్‌లాక్. రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం, సముద్రం లోపలికి దిగే స్కూబా డైవింగ్, మంచివన్నీ చివరికే. డైవింగ్ చేసి, బట్టలు మార్చుకుని, మధ్యాహ్నం బోటెక్కి పోర్ట్ బ్లెయిర్ చేరి, మర్నాడు పొద్దున ఏడున్నరకి విమానమెక్కి శంషాబాద్‌లో దిగిపోవాలి. కాగితం మీద చూస్తే ఎంత బాగుందో.

అన్నట్టు ఈ పేర్లు ఇప్పుడు మారాయి. 1857 తిరుగుబాటును అణచిన బ్రిటిష్ సైనికాధికారుల పేర్లే హావ్‌లాక్, నీల్. 2018లో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. నేను హావ్‌లాక్ అన్నప్పుడల్లా మా ఆయన సరిదిద్దారు. రెండో రోజు సాయంత్రానికి ఆయనే నాలుగుసార్లు అన్నారు, నేను లెక్కపెట్టాను.

సరే, రాధానగర్. ఆ దీవిలో ఊళ్లకీ బీచ్‌లకీ నంబర్లుంటాయి, ఇది 7వ నంబరు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో ఉత్తమమైన బీచ్ అని రాసింది దీని గురించే. పడమటి వైపు ఉంది కాబట్టి సూర్యుడు నేరుగా నీళ్లలోకి దిగుతాడు. ఎప్పుడు దిగుతాడన్నదే అసలు సంగతి. మేం వెళ్లింది డిసెంబరు మొదట్లో. మన గడియారమంతా కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఒక్కో డిగ్రీ తూర్పుకి జరిగితే సూర్యుడు 4 నిమిషాలు ముందుంటాడు. అండమాన్ 93 డిగ్రీల దగ్గరుంది, హైదరాబాద్ 78.5 దగ్గర. అంటే అక్కడ పొద్దున అయిదున్నరలోపే తెల్లారిపోతుంది, సాయంత్రం అయిదు కొట్టకముందే సూర్యుడు వెళ్లిపోతాడు. మనకి ఇంకో ముప్పావు గంట ఎండ మిగిలే ఉంటుంది. మొదటి రోజే ఇది చూశాం, తెలుసు, అయినా టాంక్‌బండ్ మీద వాకింగ్‌కి ఆరింటికి బయల్దేరే అలవాటు ఒంట్లోంచి పోదు కదా. టీ తాగి, ఈయన చొక్కా మార్చుకుని, ఆటో మాట్లాడుకుని బీచ్‌కి చేరేసరికి నాలుగూ యాభై. చెట్ల మధ్య నుంచి పరిగెత్తాం. ఇసకలోకి వచ్చేసరికి ఆకాశంలో కాస్త ఎరుపు మిగిలింది, నీళ్లలోంచి బయటికి రమ్మని గార్డులు విజిల్ ఊదుతున్నారు. "రేపుంది కదా" అన్నారు మా ఆయన. రేపు మధ్యాహ్నమే బోటు కదండీ అన్నాను.

ఇక డైవింగ్. మర్నాడు పొద్దున వెళ్తే అక్కడి కుర్రాడు ఫారం ఇచ్చి రెండు ప్రశ్నలడిగాడు. బీపీ ఉందా, మీ ఫ్లైట్ ఎప్పుడు. బీపీ ఉంది. అప్పుడు డాక్టర్ రాసిచ్చిన కాగితం కావాలన్నాడు. ఫ్లైట్ రేపు పొద్దున అనగానే ఫారం వెనక్కి తీసుకున్నాడు. ఎందుకో ఓపిగ్గా చెప్పాడు. లోతుకి దిగేకొద్దీ నీళ్ల ఒత్తిడికి, మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలో, ఒంట్లో ఎక్కువగా కరిగిపోతుందట. పైకొచ్చాక నెమ్మదిగా ఊపిరితోనే బయటికి పోతుంది. అది పూర్తిగా పోకముందే విమానమెక్కామనుకోండి, లోపల గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది, అప్పుడు గోలీ సోడా కొట్టినట్టు ఒంట్లో బుడగలు కడతాయి. కీళ్ల నొప్పుల దగ్గర్నుంచి పక్షవాతం దాకా ఏదైనా రావచ్చు. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, మళ్లీ మళ్లీ దిగితే 18 గంటలు ఆగాలని ఒక లెక్క ఉంది. మేం మాత్రం 24 గంటలు ఆగమంటాం అన్నాడా అబ్బాయి. ఆ మాటకి నాకు ఒక రకంగా హాయిగానే అనిపించింది, నాకు ఈత రాదు. మా ఆయన మాత్రం నీళ్లకేసి అలా చూస్తూ నిలబడిపోయారు.

ఇంతలో గాలి లేచింది. పదకొండింటికల్లా వాతావరణం బాగాలేదని బోట్లు ఆపేశారు. ప్రైవేటు బోటైతే గంటన్నర, గవర్నమెంటు బోటైతే రెండున్నర గంటలు, అంతే దూరం. కానీ వంతెన లేదు, బస్సు లేదు, సముద్రం ఒప్పుకుంటేనే ప్రయాణం. ఇక్కడ మీలో ఎవరైనా వెళ్లే ఆలోచనలో ఉంటే ఒక్క మాట వినండి. ప్లాన్ చివరి రోజు నుంచి మొదలుపెట్టి వెనక్కి వేసుకోండి. విమానానికి ముందు పూర్తిగా ఒక రోజు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి, డైవింగ్ లాంటివి మొదట్లోనే కానివ్వండి. మాకెవరూ చెప్పలేదని అనను. మా అమ్మాయి చెప్పింది, ఈయన వినలేదు. టికెట్లు మార్చుకోవడానికి ఎంతైందో మాత్రం ఇక్కడ చెప్పను, ఇంట్లో ఆయన రేడియో వింటుంటారు.

మమ్మల్ని మళ్లీ గదికి చేర్చిన ఆటో అతను సోంపేట వైపు మనిషి. మేం బోటు గురించి తెలుగులో గొణుక్కుంటుంటే వెనక్కి తిరిగి "ఏటమ్మా, ఎలిపోదామనుకున్నారా?" అన్నాడు. ఆ దీవుల్లో మన మాట వినిపించడం వింతేం కాదు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ ప్రతి నూరుగురిలో 13 మంది దాకా మాతృభాష తెలుగే. వాళ్ల తాతల కాలం నుంచి విశాఖ ఓడ మీద రాకపోకలున్నాయట. ఇప్పటికీ ఊళ్లో పెళ్లంటే ఓడ ఎప్పుడుందో కనుక్కుని, రెండు మూడు రోజులు సముద్రం మీద గడిపి వెళ్తారు. ఒకసారి బోటు ఆగిపోయి సొంత మేనకోడలి పెళ్లికి మూడు రోజులు ఆలస్యంగా చేరాడట. "అప్పగింతలు కూడా అయిపోనాయి బాబూ, లడ్డూలు దాచి ఉంచినారు" అన్నాడు నవ్వుతూ. ఆ మాట విన్నాక మా ఆయన విమానం గురించి మళ్లీ ఎత్తలేదు.

అలా మాకు లెక్కలో లేని ఒక రోజు మిగిలింది. రోజంతా వాన. ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఇంట్లో అయితే టీవీ ఉంటుంది, పాలవాడు వస్తాడు, పక్కింటివాళ్లు బెల్లు కొడతారు, ఇక్కడ ఏదీ లేదు. ఒక గంట మాట్లాడుకున్నాం, ఒక గంట పోట్లాడుకున్నాం, ఆ రెంటికీ మధ్య ఎక్కడో నిద్రపోయాం. లేచాక సూట్‌కేస్ సర్దుతుంటే నా దొంగతనం బయటపడింది. పూజ అలమారలో పెట్టుకుందామని మూడు తెల్లటి పగడపు ముక్కలు ఏరుకుని ఆయన సాక్సులో దాచాను. మా ఆయన వాటిని అరచేతిలో పెట్టుకుని, "ఎయిర్‌పోర్ట్‌లో స్కానింగ్‌లో కనిపిస్తే ఏం చెబుతావే?" అన్నారు. చచ్చిన పగడమైనా అక్కణ్నుంచి తేవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఆ బోర్డు నేనూ చదివాను, చదివే తీశాను, అబద్ధం ఎందుకు.

వాన కాస్త తెరిపిచ్చాక గొడుగేసుకుని వాటిని మళ్లీ ఒడ్డుకి తీసుకెళ్లాం. తూర్పు వైపు బీచ్ అది, ఆటుపోటుల్లో నీళ్లు వెనక్కి పోతే ఎంతో దూరం రాళ్లు తేలతాయి. చెప్పులు చేత్తో పట్టుకుని, ఆయన భుజం మీద చెయ్యేసి నడిచాను. కాళ్ల కింద చిన్న చిన్న పీతలు పారిపోతున్నాయి. పగడపు ముక్కలు ఒక్కొక్కటే నీళ్లలోకి వదిలాను. ఆయన ఏమీ అనలేదు. నాలుగున్నరకే మసకబడింది. ఆ వైపు సూర్యాస్తమయం కనిపించదు, అయినా చీకటి పడేదాకా నిలబడ్డాం.

మర్నాడు బోట్లు వదిలారు, ఇంటికొచ్చి పడ్డాం. బట్టలు మూడు ట్రిప్పులు వాషింగ్ మెషిన్‌లో వేసినా సూట్‌కేస్ మూలల్లోంచి ఇసక రాలుతూనే ఉంది. నిన్న సాయంత్రం బాల్కనీలో టీ తాగుతున్నాం. మా ఆయన పేపర్ పక్కన పెట్టి గడియారం చూశారు, మళ్లీ ఆకాశం చూశారు. "అయిదుంపావు అయిందే, ఇంకా ఇంత వెలుతురేంటి?" అన్నారు. ప్లేట్లో ఆఖరి బిస్కట్ ఉంది. దాన్ని విరిచి సగం నాకిచ్చి, మిగతా సగం అప్పుడే తినేశారు.